పాస్టరు ఇంటి కిటికీలు

ఈసారి ఏమి వ్రాయాలా అని మేము ఆలోచిస్తుంటే మా సతీమణి, "కిటికీల సంగతి వ్రాయండి. తెలియక ఎంతమంది పసిపిల్లలున్న ఇళ్ళలో అలా గీకుతున్నారో" అన్నారు. అందులో మా తెలివితక్కువతనము చాలా ఉంది గనుక కొంచెము సిగ్గుగానే ఉన్నది. అయినా వ్రాస్తున్నాము.

2022 మే నెలలో మమ్మల్ని కోనసీమలోని ఒక సంఘమునకు బదిలీ చేశారు. అక్కడి పాస్టరు నివాసము మిషనెరీల నాటిది. గుమ్మము పైన సున్నములో 1927 అని అంకె దిద్ది ఉన్నది. మందమైన గోడలు, ఎత్తయిన కప్పు, ఎనిమిది పెద్ద కిటికీలు. ఒక్కొక్క కిటికీకి లోపలికి తెరుచుకునే రెండేసి రెక్కలు. రెక్కకు కింది సగము టేకు పలక, పై సగము అద్దాలు. బయటివైపు ఇనుప చువ్వలు. రాత్రిపూట రెండు రెక్కలకూ కలిపి అడ్డముగా ఒక గడియకర్ర వేయాలి. ఆ రోజుల్లో రంగూను, మౌల్మేను రేవుల నుండి బర్మా టేకు ఓడల మీద మన తీరానికి వచ్చేది. ఈ కర్రా ఆ కర్రేనని ఊళ్ళో పెద్దలు అంటారు.

మొదటి రెండు నెలలూ గాలీ వెలుతురూ చూసి మురిసిపోయాము. ఆగస్టు వానలు పట్టేసరికి పడకగది కిటికీ మూసుకోవడము మానేసింది. రెక్కను భుజముతో నెట్టినా చట్రములోకి వెళ్ళలేదు. పక్కింటివారి దగ్గర చిత్రిక అడిగి తెచ్చి, మేమే స్వయముగా రెక్క అంచు చెక్కివేశాము. చక్కగా మూసుకున్నది. ఇంత చిన్న పనికి వడ్రంగి ఎందుకని ఇంట్లో కొంత గొప్ప కూడా చెప్పుకున్నాము. దాని ఫలితము తరువాత వ్రాస్తాము.

సెప్టెంబరులో కమిటీ కూర్చున్నప్పుడు ఒక పెద్ద, ఈ పాత కిటికీలన్నీ తీసివేసి అల్యూమినియము స్లైడింగు కిటికీలు పెట్టిద్దామన్నారు. ఆయన ఉద్దేశము మంచిదే, మా ఇబ్బంది చూసి అన్నమాటే. ఎనిమిదింటికి 1,62,000 రూపాయల అంచనా కూడా తెచ్చారు. నిజము చెప్పాలంటే మాకూ అది బాగానే ఉందనిపించింది. సరేనన్నట్టుగా తల ఊపి ఇంటికి వచ్చాము.

మరునాడు ఉదయము ఏడు గంటలకే సంఘములోని ఒక మామ్మగారు వచ్చి వీధి అరుగు మీద కూర్చున్నారు. కాఫీ ఇస్తే తాగలేదు.

"అయ్యగారండీ, కిటికీలు పీకించేత్తన్నారంట కదండీ?"

"ఇంకా అనుకుంటున్నారు మామ్మగారూ. పాతబడ్డాయి కదా."

"తొంభయ్యారు తుఫానునాడు మా పాక ఎగిరిపోయిందండి. ఈ ఇంట్లో నలభై మందిమి దూరామండి. ఇదిగో, ఈ హాలు కిటికీ గడియకర్రకి మంచం అడ్డెట్టి, నేనూ మా ఆయనా తెల్లారేదాకా ఒత్తిపట్టుకున్నామండి. అద్దాలన్నీ పగిలిపోయినియ్యి గానండి, రెక్క ఊడలేదండి. ఆయన పోయి పదేళ్ళయిందండి. నేను గుడికొచ్చినప్పుడల్లా ఓసారి ఈ కర్ర ముట్టుకుని ఎళ్తానండి. మీకు తెలీదు."

1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ఊడ్చివేసిన తుఫాను గురించి మేము పత్రికలలో చదివినవాళ్ళమే. ఆ రాత్రి ఈ ఇంటిలో ఇలా జరిగినదని మాత్రము అంతవరకు ఎవరూ చెప్పలేదు. మామ్మగారు కొంగుముడి విప్పి అయిదువందల నోటు బల్ల మీద పెట్టి, "మేకులకి ఉంచండి అయ్యగారండీ" అని లేచి వెళ్ళిపోయారు. ఆమెకు వచ్చేది వృద్ధాప్య పింఛను మాత్రమే. మేము మళ్ళీ కమిటీ ముందు నిలబడి, ముందుగా బాగుచేయించి చూద్దాము, కుదరకపోతే అప్పుడు ఆలోచిద్దాము అన్నాము. ఇద్దరు ముగ్గురు నొచ్చుకున్నారు. అంచనా తెచ్చిన పెద్ద మాతో రెండు వారాలు సరిగా మాట్లాడలేదు.

పక్క ఊరి నుండి డెబ్బై దాటిన వడ్రంగి మేస్త్రిగారిని పిలిపించాము. ఆయన ఉలి ముట్టలేదు. ఒక స్క్రూడ్రైవరు తీసుకుని ప్రతి రెక్కనూ కింది నుండి పైదాకా పొడుస్తూ వెళ్ళారు. పై పట్టెలు ఖంగుమన్నాయి. కింది పట్టెలో మాత్రము రెండు మూడు చోట్ల మొన మెత్తగా దిగిపోయింది. "కర్ర పోలేదండి. చేవ ఉన్నంతమేరా ఇంకో వందేళ్ళు ఉంటదండి. ఇక్కడ పుచ్చింది చేవలేని తెల్లకర్ర" అన్నారు. టేకులో సహజముగా నూనె ఉంటుంది, చెదలు దానిని ఇష్టపడవు. అయితే ఆ గుణమంతా చేవలోనే ఉంటుంది. మాను అంచునుండి తీసిన తెల్లటి భాగము మామూలు కర్రలాగే పుచ్చిపోతుంది.

నీరు ఎలా వస్తున్నదో కూడా ఆయనే చూపించారు. లోపలికి తెరుచుకునే కిటికీకి వాననీరు రెక్క మీదుగా జారి కింది చట్రము మీద నిలుస్తుంది. అది బయటికి పోవడానికి కట్టినవారు చట్రములో చిన్న రంధ్రాలు పెట్టారు. తొంభై అయిదేళ్ళుగా పండుగ పండుగకూ వేసిన రంగుతో అవి పూర్తిగా మూసుకుపోయాయి. ఒక మేకుతో పొడిస్తే గట్టిపడిన రంగు ముద్ద ఊడివచ్చింది. అంత చిన్న సంగతి. మేము ఆగస్టులో చూడవలసినది ఆ రంధ్రము. అది వదిలిపెట్టి చిత్రిక పట్టాము.

మేస్త్రిగారి పని చూస్తూ కూర్చోవడము మాకు అలవాటైపోయింది. పుచ్చిన భాగమును గట్టి కర్ర తగిలేవరకు కోసివేసి, పాత టేకు ముక్కను ఏటవాలుగా చెక్కి, నీటికి తట్టుకునే జిగురుతో అతికించేవారు. ఆ వాలు బయటికి ఉండాలట, లేకపోతే అతుకులో నీరు నిలుస్తుంది. మడతబందుల స్క్రూలు పట్టు వదిలిన చోట పెద్ద స్క్రూలు వేయలేదు. సన్నటి టేకు పుల్లలు జిగురులో ముంచి రంధ్రములో దిగగొట్టి, ఎండిన తరువాత అవే స్క్రూలు బిగించారు. బందులకు మామ్మగారు కొబ్బరినూనె వేయమన్నారు. అది నాలుగు నెలలకు జిగటగా మారి దుమ్ము పట్టిస్తుందని మేస్త్రిగారు కుట్టుమిషను నూనె చుక్కలు వేశారు. అద్దాల చుట్టూ లప్పము మాత్రము మా సతీమణి కలిపారు. సుద్దపొడిలో అవిసెనూనె పోస్తూ చపాతీ పిండిలా మర్దించాలి. అద్దము అంచున పెట్టి కత్తితో వాలుగా తీసివేసి, ఒక వారము ఆరనిచ్చి, అప్పుడు రంగు వేయాలి. ఆ రంగు గాజు మీదికి ఒక గీతంత రావాలి, అప్పుడే సందులోకి నీరు దిగదు.

ఇంగ్లండులో నర్సుగా పనిచేస్తున్న మా తమ్ముడికి ఫోనులో ఇదంతా చెబితే, తన అద్దె ఇంటి కిటికీలు పైకీ కిందికీ జరుగుతాయనీ, వాటి చట్రము లోపల తాడుకు కట్టిన ఇనుప బరువులు దాగి ఉంటాయనీ, అక్కడా రంగు మీద రంగు వేసి అవి కదలకుండా అంటుకుపోతాయనీ చెప్పాడు. పలుచని బ్లేడుతో సందు వెంబడి రంగును కోస్తే కదులుతుందన్నాడు. మా వంటింటి కిటికీ ఆ విధముగానే తెరుచుకున్నది.

ఇక అసలు సంగతి. నవంబరు చివరిలో క్రిస్మసుకు ముందుగా రంగులు వేయాలని తొందరపడ్డాము. మేస్త్రిగారు ఊరిలో లేరు. యౌవనస్థులు ఇద్దరు సాయము వచ్చారు. రెక్కలు ఊడదీసి హాలులోనే పెట్టుకుని, ఉప్పు కాగితముతో మూడు రోజులు పాత రంగంతా గీకాము. పైన తెలుపు, దాని కింద ఆకుపచ్చ, ఇంకా కింద తెలుపు, అన్నిటికంటె అడుగున ఎర్రటి పొర. ఇల్లంతా పిండిలాగ దుమ్ము. మంచాల మీద, ఆరేసిన బట్టల మీద, మంచినీళ్ళ బిందె మూత మీద కూడా. అప్పటికి వారము క్రితమే మా పెద్దమ్మాయి ఏడో నెలతో పురిటికి వచ్చి ఉన్నది. పాపము తనే చీపురు పట్టి రెండు పూటలా ఆ దుమ్మును ఊడ్చింది. మేము ఊడ్వనిచ్చాము.

నాలుగో రోజు సాయంకాలము సంఘములోని రిటైరయిన కెమిస్ట్రీ లెక్చరరుగారు ఏదో పనిమీద వచ్చారు. గుమ్మములో నిలబడి రెక్కల వంక, నేల వంక, అమ్మాయి వంక చూశారు. "పాస్టరుగారూ, ముందు అమ్మాయిని ఈ ఇంట్లోనుంచి పంపించండి. తరువాత మాట్లాడుకుందాము" అన్నారు. ఆయన అంత కఠినముగా మాట్లాడడము మేము ఎన్నడూ వినలేదు.

పాత రంగులలో సీసము ఉండేది. తెల్ల రంగుకు తెల్ల సీసము, కర్రకూ ఇనుముకూ అడుగు పూతగా ఎర్ర సీసము వాడేవారు. మన దేశములో ఇళ్ళకు వాడే రంగులలో సీసము పది లక్షల పాళ్ళలో 90 మించరాదన్న నిబంధన 2016లో చేసి, 2017 నవంబరు 1 నుండి అమలులోనికి తెచ్చారు. అంటే అంతకు ముందు వేసిన ఏ రంగు పొరనైనా కంటితో చూసి నమ్మడానికి లేదు. పొర గోడనో కర్రనో అంటిపెట్టుకుని ఉన్నంతవరకు హాని తక్కువే. పొడిగా గీకినా, మంటతో కాల్చినా అది దుమ్మై, పొగయై ఊపిరిలోకీ అన్నములోకీ పోతుంది. ఎముకలలో చేరి ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. గర్భిణీ స్త్రీలలో తల్లి రక్తము నుండి బిడ్డకు చేరుతుంది, పసిబిడ్డల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇవన్నీ లెక్చరరుగారు నెమ్మదిగానే చెప్పారు. మేము నిలబడలేక చెక్కల మీదనే కూర్చున్నాము.

ఆ రాత్రే అమ్మాయిని మా సతీమణి అక్కగారింటికి పంపించాము. మరునాడు కాకినాడ తీసుకువెళ్ళి రక్తమిచ్చి వచ్చాము. నమూనాను వేరే ఊరి ల్యాబుకు పంపాలన్నారు. ఫలితము రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ మా సతీమణి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండుననిపించేది. అల్లుడుగారు హైదరాబాదు నుండి ఫోను చేసినప్పుడు ఏమని చెప్పాలో తెలియక ఫోను ఆమెకే ఇచ్చాము. మధ్యలో వచ్చిన ఆదివారము ఏమి ప్రసంగించామో మాకు గుర్తు లేదు.

పన్నెండో రోజు కాగితము వచ్చింది. డెసీలీటరుకు 3.1 మైక్రోగ్రాములు. 5 లేదా అంతకంటె ఎక్కువ ఉంటే మూలమును వెదకి తొలగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పినదట. అయితే సీసము ఇంత ఉంటే ఫరవాలేదన్న హద్దు ఏదీ లేదని కూడా డాక్టరమ్మగారు చెప్పి, కాల్షియము, ఐరను బిళ్ళలు మానవద్దని, ఆ ఇంటికి పని పూర్తయి శుభ్రము చేసేవరకు వెళ్ళవద్దని అన్నారు. బయటికి వచ్చి ఆసుపత్రి మెట్ల మీద అమ్మాయి, "నాన్నగారూ, మరి మీరు పరీక్ష చేయించుకోలేదేం?" అని అడిగింది. ఆ సంగతి మాకు తోచనే లేదు. ఆ యౌవనస్థులిద్దరినీ తీసుకువెళ్ళి ముగ్గురమూ చేయించుకున్నాము. మా ముగ్గురికీ కూడా 5 లోపే వచ్చింది.

ఆ తరువాత పని వేరే విధముగా సాగింది. ఇంటిని చీపురుతో ఊడ్వకుండా సబ్బు నీటితో తడిగుడ్డ పెట్టి నాలుగుసార్లు తుడిచాము. రెక్కలను దొడ్డిలో, ఇంటికి దూరముగా, ప్లాస్టికు పట్టా మీద పెట్టి, నీళ్ళు చల్లి వాటరు పేపరుతో మాత్రమే రుద్దాము. ఊడిపోతున్న రంగు తీసివేసి, గట్టిగా ఉన్న పొరను కదపకుండా దాని మీదనే కొత్త పూత వేశాము. మురికిని సంచులలో మూటగట్టాము. పని చేసిన బట్టలు విడిగా ఉతికి, స్నానము చేసిన తరువాతనే ఇంట్లోకి వచ్చేవారము. క్రిస్మసుకు మూడు కిటికీలే పూర్తయ్యాయి. మిగిలిన వాటికి దుప్పట్లు కట్టి పండుగ చేశాము. ఆ పండుగలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలన్నీ మేస్త్రిగారు అడిగి తీసుకున్నారు. రెక్క అంచులకు రుద్దితే వానాకాలములో పట్టేయకుండా జారుతుందట.

2023 ఫిబ్రవరిలో మనుమరాలు పుట్టింది. ఏప్రిల్ వచ్చింది. ఒక మధ్యాహ్నము పడకగది కిటికీ రెండు రెక్కల మధ్య నుండి ఎండ ఒక పొడుగాటి గీతలా ఉయ్యాల మీద పడుతోంది. వేలు పెట్టి చూస్తే వేలు దూరింది. ఆగస్టులో ఉబ్బిన కర్రను మేము చెక్కితే, వేసవిలో అది తన కొలతకు తాను వచ్చేసింది. మేస్త్రిగారు ఆ సందును చూసి చాలాసేపు నవ్వి, "వానల్లో చిత్రిక ముట్టుకోకూడదండి అయ్యగారూ. పట్టేత్తే పట్టేసిందనుకుని ఊరుకోవాలండి" అన్నారు. అంచుకు ఒక సన్నని టేకు పట్టీ అతికించారు. దానికి డబ్బు తీసుకోలేదు.

ఇప్పటికి ఏడు కిటికీలు పూర్తయ్యాయి. మొత్తము 58,000 రూపాయలు అయింది. ఆ అంచనా తెచ్చిన పెద్ద ఏడో కిటికీకి అద్దాలు తానే కొనిచ్చారు. ఎనిమిదవది హాలు కిటికీ. దాని కింది పట్టె మార్చాలి, వానలు వెళ్ళి కర్ర ఆరేవరకు ఆగమన్నారు మేస్త్రిగారు. గడియకర్రకు మాత్రము రంగు వేయవద్దని మామ్మగారు ముందుగానే చెప్పి ఉంచారు.