ట్రాక్టర్ డబ్బా పిన్ను

మా కురవిలో శివరాత్రి అంటే వీరభద్రస్వామి జాతర. ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు, ఆటోలు, ఊరంతా జనమే. సరిగ్గా అప్పుడే మిరప చేలల్లో కాయ ఏరే పని కూడా ముమ్మరంగా ఉంటుంది. పక్క ఊరి నుంచి ఏరడానికి వచ్చే ఆడవాళ్లను మేము కూడా అందరిలాగే ట్రాక్టర్ డబ్బాలోనే తెచ్చేవాళ్లం.

బ్రేకు వేసినప్పుడల్లా ట్రాక్టర్‌కీ డబ్బాకీ మధ్య 'టక్' మని చప్పుడొచ్చేది. నేను అడిగితే మా ఆయన, "ఏం కాదు లేవే, రెండేండ్ల సంది ఇట్లనే నడుస్తుంది" అనేవాడు. నేనూ ఊరుకున్నాను. బండి సంగతి మగవాళ్లది అనుకున్నాను.

పోయిన ఏడాది ఒక సాయంత్రం, అందరినీ దింపేసి వస్తుంటే చెరువు కట్ట ఎక్కే దగ్గర గుంతలో ఒక కుదుపు. పిన్ను ఎగిరిపోయింది. డబ్బా విడిపోయి వెనక్కి జారి ముళ్లకంపలో ఆగింది. అందులో ఉన్నవి ఖాళీ గోనెసంచులు. గంట ముందు అందులో పద్దెనిమిది మంది ఉన్నారు. ఒకామె ఒళ్లో పాలు తాగే పిల్ల కూడా ఉంది.

ఆ రాత్రి ఇద్దరికీ అన్నం సయించలేదు.

మర్నాడు వెల్డింగ్ షాపుకు నేనూ వెళ్లాను. అతను విప్పి చూపించాడు. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం అరిగి కోడిగుడ్డులా సాగింది. పిన్ను నడుము సన్నబడింది. పిన్ను పైకి రాకుండా ఆపే క్లిప్పు ఎప్పుడో పోతే, దాని బదులు బైండింగ్ వైరు చుట్టారు. "బరువంతా వెనక్కి వేస్తే డబ్బా ముందు భాగం పైకి లేస్తదమ్మా, పిన్నును ఎగదన్నుతది" అన్నాడు. పాతదానికి అతుకు వేస్తే చాలు కదా అని మా ఆయన అడిగితే, "అరిగినదాని మీద అతుకు ఎన్నాళ్లాగుతదన్నా?" అన్నాడు.

చీటీ పాడి దాచిన డబ్బు నా దగ్గర ఉంది. చెవి కమ్మలకని పెట్టుకున్నది. అదే ఇచ్చాను. ట్రాక్టర్ వెనక మందమైన కొత్త హుక్కు బోల్టులతో బిగించాడు. దానికి సరిపోయే లావు పిన్ను, క్లిప్పు పెట్టాడు. పిన్ను పోయినా డబ్బాను పట్టి ఉంచేలా గొలుసు కూడా వేశాడు. ఆ 'టక్' చప్పుడు పోయింది.

కానీ ఒక సంగతి చెప్పాలి. హుక్కు ఎంత గట్టిదైనా డబ్బా సరుకు కోసమే, మనుషుల కోసం కాదు. ఇప్పుడు ఏరడానికి వచ్చేవాళ్లను ఆటోలో పిలిపిస్తున్నాం. కిరాయి భారమే. మా అత్తమ్మ మొదట్లో సణిగింది. ఆ పాలు తాగే పిల్ల సంగతి చెప్పాక మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

రాత్రి పడుకునే ముందు గ్యాస్ కట్టేశానా అని చూసుకున్నట్టు, పొద్దున బండి కదిలే ముందు క్లిప్పు ఉందా అని నేనే చూస్తాను. మా ఆయన నవ్వుతాడు. నవ్వనీ.

మీ ఇంట్లో కూడా ట్రాక్టర్ ఉంటే, రేపు పొద్దున ఒక్కసారి వంగి చూడండి.