పీ0171: సెన్సరు చేసిన నేరమేంటి?

చెక్ ఇంజిన్ లైటు వెలిగితే మనవాళ్ళు చాలామంది కోడు చూసి, ఏ పార్టు పేరు వినబడితే ఆ పార్టు మార్పించేస్తారు. ఆఫీసులో స్టాక్ ట్రేసు ఆఖరి లైను పట్టుకుని బగ్ ఇదేననేవాణ్ణి చూసి మాత్రం నవ్వుకుంటాం.

మా కారుకి పోయిన నెల పీ0171 వచ్చింది. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని దానర్థం. స్మాగ్ టెస్టుకింకా పదిరోజులే గడువు. షాపువాడేమో ఆక్సిజన్ సెన్సరు మార్చాలి, 350 డాలర్లన్నాడు. పాపం ఆ సెన్సరు చేసిన నేరమల్లా ఉన్నమాట చెప్పడమే!

లైవ్ డేటా చూపించే చవక స్కానర్లో కూడా ఫ్యూయల్ ట్రిమ్ కనిపిస్తుంది. కంప్యూటరు పెట్రోలు ఎంత పెంచి పోస్తోందో చెప్పే అంకె అది. ఐడిల్లో 24 శాతం ఉంది. 2500 ఆర్‌పీఎంకి తీసుకెళ్తే 6కి దిగింది. గుట్టంతా ఇక్కడే ఉంది. ఐడిల్లో ఇంజిన్ పీల్చే గాలి తక్కువ, మానిఫోల్డులో వ్యాక్యూమ్ ఎక్కువ. చిన్న చిల్లున్నా పెద్ద తేడా వస్తుంది. వేగం పెరిగితే మొత్తం గాలిలో ఆ దొంగగాలి వాటా తగ్గిపోతుంది. అదే గాలిని కొలిచే మాఫ్ సెన్సరుకి మురికి పట్టి ఉంటే, సాధారణంగా కథ తిరగబడుతుంది.

చెవి పెట్టి వింటే (బెల్టుకి దూరంగా, బాబూ!) పీసీవీ గొట్టం దగ్గర బుస్సుమని చప్పుడు. వంపులో రబ్బరు పగిలింది. కొత్తది 14 డాలర్లు. వేశాక ట్రిమ్ 3 శాతానికొచ్చింది.

అన్నట్టు, కోడు చెరిపేసి వెంటనే టెస్టుకి పరిగెత్తకండి. దాంతోపాటు రెడీనెస్ మానిటర్లు కూడా చెరిగిపోతాయి. అవి మళ్ళీ పూర్తయ్యేదాకా బండి నడపాల్సిందే. మాకు ఆరు రోజులు పట్టింది. ఏడోరోజు టెస్టు పాసయ్యింది.