తండ్రిగారికి సెలవు చీటీ

ఉగాది సంచికకి హాస్యంగా ఏదైనా రాసివ్వండని సంపాదకులు ఫోను చేశారు. సివిల్ ఇంజనీరుని పట్టుకుని హాస్యం అడగటంలోనే కొంత హాస్యం ఉంది. సొరంగాల్లోకి నీళ్ళు కారకుండా చూడటం నా ఉద్యోగం. ఇంచుమించు ఇరవై ఏళ్ళుగా సింగపూరు భూమి అడుగున అదే పని. అందుకని భూమి పైన జరిగిన సంగతి ఒకటి, మా టెంత్ క్లాసు హిందీ సంగతి, రాస్తున్నాను.

మాది రాజమండ్రికీ కాకినాడకీ మధ్య, కాలవ ఒడ్డున ఒక చిన్న ఊరు. పేరు చెప్పను. చెబితే మా హిందీ మేష్టారెవరో తెలిసిపోతుంది, ఆయన బోధనకి ఫలితం నేనేనని కూడా తెలిసిపోతుంది. ఆయన ఇప్పటికీ హాయిగా ఉన్నారు. ఈ వయసులో ఆయనకి అపకీర్తి ఎందుకు?

1994-95 సంవత్సరం. జిల్లా పరిషత్ హైస్కూలు. పెంకు కప్పుతో నాలుగు పొడుగాటి గదులు, ఒక వేపచెట్టు, దాని కొమ్మకి వేలాడే రైలుపట్టా ముక్క. అదే మా గంట. ఆ డిసెంబరులో అసెంబ్లీ ఎన్నికలకి మా గది పోలింగు స్టేషనైంది. బోర్డు మీద మేష్టారు రాసిన లింగాలూ వచనాలూ తుడిచే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఊరంతా వచ్చి వాటి ముందే ఓట్లేసి వెళ్ళింది. రామారావుగారు మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు గాని మా బోర్డు మీద లింగాలు మాత్రం సంక్రాంతి దాకా మారలేదు.

ఆ రోజుల్లో టెంత్ పబ్లిక్‌లో మిగతా సబ్జెక్టులకి 35 రావాలి. హిందీకి అంతకంటే తక్కువొచ్చినా పాసే. ప్రభుత్వమే మా మీద అంత తక్కువ ఆశ పెట్టుకున్నప్పుడు మేం ఎక్కువ చదవటం మర్యాద కాదనుకునేవాళ్ళం.

మేష్టారు మాత్రం అలా అనుకోలేదు. ఆయన దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు ప్రాథమిక నుంచి ప్రవీణ దాకా ఒక్కొక్క మెట్టూ ఎక్కినవారు. ఆ సభని 1918లో మద్రాసులో గాంధీగారు పెట్టించారు. "గాంధీగారు పెట్టిన సభలో హిందీ నేర్చుకున్నాన్రా. మీ చేత నేర్పించటం మాత్రం ఆ గాంధీగారి వల్ల కూడా కాదు" అని వారానికి రెండుసార్లైనా అనేవారు. ఆదివారం పొద్దున్న దూరదర్శన్‌లో చంద్రకాంత సీరియల్ వచ్చేది. ఒక్క మాట అర్థం కాకపోయినా వీధి వీధంతా చూసేది. అందులో క్రూర్‌సింగ్ అరుపు ఒకటి ఉండేది, మీలో కొందరికైనా గుర్తుండాలి. సోమవారం మేష్టారు గుమ్మంలో అడుగు పెట్టగానే వెనక బెంచీలోంచి ఆ అరుపు వినిపించేది. ఆయన కోప్పడేవారు కాదు. "పోన్లే, అరుపైనా హిందీలో అరిచారు" అనేవారు.

ఆయనకి ఇంత లావు మీసం. ఒకరోజు లింగాల పాఠంలో, హిందీలో మూంఛ్, అంటే మీసం, స్త్రీలింగం అని చెప్పారు. క్లాసంతా నిశ్శబ్దం. అందరి చూపూ ఒక్కచోటికే వెళ్ళింది. కాసేపటికి ఎవడో, "మేష్టారండీ, మరి గడ్డమండీ?" అన్నాడు. "అదీ స్త్రీలింగమే" అన్నారాయన, కొంచెం తగ్గి. "మరి మగాళ్ళకి ఏం మిగిలిందండీ?" అంటే, "బట్టతల మిగిలిందిరా, కూర్చో" అన్నారు. నాకు ఆ రెండు లింగాలు తప్ప హిందీ వ్యాకరణం ఇంకేమీ మిగల్లేదు.

నా పక్కన కూర్చునేవాడొకడు నాకంటే తెలివైనవాడు. వాడికి హిందీ అక్షరాలొచ్చు, మాటలు రావు. అందుకని హిందీ అక్షరాలతో తెలుగు రాసేవాడు. క్వార్టర్లీలో ఆఖరి పేజీ నిండా దేవనాగరిలో, "అయ్యా, మాది పేద కుటుంబం, హిందీ పోతే మా నాన్న చంపేస్తాడు" అని రాశాడు. మేష్టారు దానికి మూడు మార్కులు వేశారు. ఎందుకండీ అంటే, "అక్షర దోషాల్లేవు" అన్నారు. వాడు తరవాత సైన్యంలో చేరి, ఏళ్ళ తరబడి ఉత్తరాదిలో ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు కోపం వస్తే వాడికి తెలుగు రాదు.

ఇక నా పద్ధతి వేరు. ఒక్క ఉత్తరం బట్టీ పట్టాను. హెడ్మాష్టరుగారికి రాసే సెలవు చీటీ. రాత్రి నుంచి బుఖార్, క్లాసుకి రాలేను, రెండు రోజులు ఛుట్టీ ఇప్పించండి, ఇట్లు తమ ఆజ్ఞాకారీ ఛాత్ర్. ఎనిమిదో తరగతి నుంచీ ఉత్తరం ప్రశ్నకి అదే జవాబు. అప్పటిదాకా నన్ను కాపాడింది. ప్రీ ఫైనల్లో మాత్రం, విహారయాత్రకి డబ్బు పంపమని తండ్రిగారికి ఉత్తరం రాయమన్నారు. నేను కాసేపు ఆలోచించి, ప్రధానాధ్యాపక్ జీ కొట్టేసి పూజ్య పితాజీ అని పెట్టాను. ఛాత్ర్ కొట్టేసి పుత్ర్ అని పెట్టాను. మధ్యలో మేటరు ముట్టుకోలేదు.

పేపర్లిచ్చే రోజు మేష్టారు దాన్ని పైకి చదివారు. ముందు హిందీలో, తరవాత అందరూ ఆనందించాలని తెలుగులో. "ఏరా, రెండు రోజులు మీ నాన్నకి కొడుకుగా ఉండటానికి సెలవు కావాలా?" అన్నారు. బల్లలు విరిగేలా నవ్వారందరూ. అంతటితో పోతే బాగుండేది. సాయంత్రం ఆయన నా పేపరు పట్టుకుని సైకిలు మీద సరాసరి బియ్యం మిల్లుకి వెళ్ళారు. మా నాన్నగారు అక్కడ గుమాస్తా. నేను వీపు సిద్ధం చేసుకుని ఇంటి అరుగు మీద కూర్చున్నాను. నాన్నగారు వచ్చి, చొక్కా కొక్కేనికి తగిలించి, కాళ్ళు కడుక్కుని, "రెండు రోజులేగా, మంజూరు చేశాన్లే" అని లోపలికి వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది. ఆ రాత్రి నుంచి లాంతరు ముందు కూర్చుని హిందీ నిజంగానే చదివాను. పబ్లిక్‌లో 41 వచ్చాయి. మేష్టారు ఆ అంకె పక్క స్కూళ్ళ వాళ్ళక్కూడా చెప్పుకున్నారట.

2006లో సింగపూరు బయల్దేరినప్పుడు రాజమండ్రి స్టేషన్లో రైలు కదులుతుంటే నాన్నగారు కిటికీ దగ్గరికొచ్చి, "ఈసారి ఎన్ని రోజులు సెలవు?" అన్నారు. రెండేళ్ళు అన్నాను. ఆ రెండేళ్ళు ఇంకా పూర్తి కాలేదు.

ఇక్కడి బళ్ళలో మదర్ టంగ్ అని ఒక సబ్జెక్టు ఉందని మీకు తెలుసు. చైనీస్, మలయ్, తమిళం ఉన్నాయి. తమిళం వద్దనుకున్న భారతీయులకి హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ ఉన్నాయి. తెలుగు లేదు. మా అమ్మాయికి హిందీ ఎంచుకున్నాం. ఫారంలో మదర్ టంగ్ అన్నచోట హిందీ అని నా చేత్తోనే రాశాను. మా అమ్మ అప్పటికే పోయింది. ఉండుంటే, "ఏ మదర్‌ది రా ఆ టంగు?" అని అడిగేది.

అమ్మాయి ఇంట్లో తెలుగు బాగానే మాట్లాడుతుంది. చదవటం, రాయటం రాదు. ఆదివారం తెలుగు బడికి రెండేళ్ళు పంపాం. గుణింతాల దగ్గర ఆగిపోయింది, తప్పు దానిది కాదు, కారు నడిపి తీసుకెళ్ళాల్సిన నాది. హిందీ మాత్రం గడగడా రాస్తుంది. మీసం స్త్రీలింగమని నేను చెబితే, "నీకెలా తెలుసు నాన్నా?" అని ఆశ్చర్యపోయింది. మన టెంత్ లాంటి ఓ లెవెల్ 2027 నుంచి పేరు మార్చుకుంటోంది కదా, ఆ మొదటి బ్యాచి మా పిల్లదే. దానికి తయారీలో భాగంగా తాతగారికి హిందీలో ఉత్తరం రాయమన్నారు. రాసింది. రాసి, "ఉత్తినే ఎందుకు, నిజంగానే పోస్టు చేద్దాం" అని మా బ్లాకు దగ్గరి డబ్బాలో వేసేసింది. తాతగారికి హిందీ రాదే అని నేను అనేలోపే అయిపోయింది.

పదహారు రోజులకి చేరింది. నాన్నగారికి ఎనభై దాటాయి. ఫోన్లో రోజూ మాట్లాడే మనవరాలు ఉత్తరం రాసిందని సంబరం. విప్పి చూస్తే ఒక్క అక్షరం అర్థం కాలేదు. నాకు ఫోను చేసి అడగొచ్చు. చెయ్యలేదు. కర్ర పట్టుకుని వీధి చివర హిందీ మేష్టారింటికి వెళ్ళారు. మేష్టారు కళ్ళజోడు తుడుచుకుని, ఎవరి ఉత్తరమో ముందు కింద చూసుకుని, పైకి చదివారట. ముందు హిందీలో, తరవాత తెలుగులో.

ఆ రాత్రి నాన్నగారు ఫోను చేశారు.

"మేష్టారు చదివి పెట్టారు. అక్షర దోషాల్లేవన్నారు."

"ఇంకేమన్నారండీ?"

"మీ మనవరాలు వాళ్ళ నాన్నలా సెలవు అడగటం లేదండీ, సెలవులకి వస్తానంటోంది అన్నారు. జూన్‌లోనట. మామిడిపళ్ళు దాచమందిట. టిక్కెట్లు కొన్నావా?"

కొంటున్నానన్నాను. ఇది రాయటం అవగానే కొనాలి.