ముధోల్ నుంచి బంజారాహిల్స్ దాకా

బాసర నుంచి భైంసా వెళ్ళే దారిలో ముధోల్ వస్తుంది. రోడ్డుకు అటూ ఇటూ పత్తి, సోయా చేలు. ఊళ్ళలో తెలుగుతో పాటు మరాఠీ కూడా చెవిన పడుతుంది. బాసర అమ్మవారి దగ్గర అక్షరాభ్యాసం చేసుకున్న పిల్లలు కొత్త పలకలు పట్టుకుని బస్సులెక్కే దారి ఇది. ఆ పలక మీది అక్షరం పిల్లవాడి కంటికి సరిగ్గా ఆనుతోందా అని ఆలోచించే తల్లిదండ్రులు మనలో తక్కువ.

హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ తన మొదటి గ్రామీణ ఆస్పత్రిని 1996లో ఈ ముధోల్‌లోనే పెట్టింది. అప్పుడిది ఆదిలాబాద్ జిల్లా, ఇప్పుడు నిర్మల్ జిల్లా. ఇలాంటి ఆస్పత్రుల చుట్టుపక్కల ఊళ్ళలో చిన్న చిన్న కంటి పరీక్ష కేంద్రాలుంటాయి. వాటిని అందరూ విజన్ సెంటర్లనే అంటారు. సుమారు 50 వేల జనాభాకు ఒక విజన్ సెంటర్, 5 లక్షలకు ఆపరేషన్లు చేసే ఒక ఆస్పత్రి, 50 లక్షలకు ఒక పెద్దాస్పత్రి, అన్నిటికీ పైన బంజారాహిల్స్‌లోని ప్రధాన ఆస్పత్రి. ఇదీ వాళ్ళ లెక్క. ఇలాంటి సంస్థను చూడబోయేవాళ్ళు మామూలుగా పైనుంచి మొదలుపెడతారు. నేను రోగి వచ్చే దారినే పట్టుకుని కిందినుంచి వెళ్ళాను.

విజన్ సెంటర్ అంటే ఒక గది. గోడకు అక్షరాల పట్టిక, దానికి ఎదురుగా కుర్చీ, బల్ల మీద కంటిని పెద్దది చేసి చూపించే స్లిట్ ల్యాంప్, అద్దాల పెట్టె, ఒక పక్క అరలో కళ్ళజోళ్ళ ఫ్రేములు. దాన్ని నడిపే అమ్మాయిది ఆ చుట్టుపక్కల ఊరే. ఇంటర్ చదివి, ఏడాది పాటు శిక్షణ తీసుకుని విజన్ టెక్నీషియన్ అయింది. డాక్టర్ని కానని వచ్చినవాళ్ళకు ముందే చెబుతుంది. అయినా సగం మంది ఆమెను డాక్టరమ్మ అనే పిలుస్తున్నారు.

నేను వెళ్ళేసరికి కుర్చీలో ఒక బీడీ కార్మికురాలు ఉంది. యాభైకి దగ్గర్లో ఉంటుంది. ఉత్తర తెలంగాణలో చాలామంది ఆడవాళ్ళకు బీడీలే సొంత సంపాదన. తునికాకు కత్తిరించడం, తంబాకు నింపి చుట్టడం, సన్నటి దారం కట్టడం, మూతి ఒత్తడం, అంతా కంటికి మూరెడు దూరంలో జరిగే పని. కూలి కట్టేది వెయ్యి బీడీల లెక్కన.

"దారం ఆనుతలేదు బిడ్డా. మసకమసక కొడ్తుంది."

"దూరంది ఎట్లుందమ్మా?"

"దూరంది మంచిగనే ఉంది. బస్సు బోర్డు రంగు గూడ కనవడ్తది. దగ్గర్దే తిప్పలైతుంది."

చదువు రాదు కాబట్టి ఆమె ముందు అక్షరాలు పెట్టలేదు. మూడు కాళ్ళ గుర్తులున్న పట్టిక చూపించి, కాళ్ళు ఎటువైపు తిరిగి ఉన్నాయో వేళ్ళతో చెప్పమంది. దూరపు చూపు బాగానే ఉంది. ఆ తర్వాత పరీక్ష ఫ్రేములో ప్లస్ అద్దాలు ఒక్కొక్కటే మార్చుతూ చేతికి దారం ఇచ్చింది. రెండో మూడో అద్దం దగ్గర ఆమె చూపు దారం మీద నిలిచింది. ఇంకేమీ అనకుండా ముడి వేసి చూపించింది. చత్వారం. నలభై దాటిన ప్రతి మనిషికీ వచ్చేదే. కంటిలోని కటకం బిగుసుకుని, చూపు దగ్గరి వస్తువు మీద నిలవదు. దానికి మందు అవసరం లేదు. ఒక జత అద్దాలు చాలు.

ఇంత చిన్న విషయాన్ని వైద్యం అనవచ్చా అనిపిస్తుంది. అనాలనే నేనంటాను. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకు దగ్గరి చూపు అద్దాలిచ్చి చూసిన ఒక అధ్యయనం 2018లో వచ్చింది. అద్దాలు లేనివాళ్ళతో పోలిస్తే అద్దాలు అందినవాళ్ళు కోసిన ఆకు 21 శాతానికి పైగా పెరిగింది. తేయాకు కోసే చేతికీ బీడీ చుట్టే చేతికీ తేడా ఏముంది? ఈమె మూడేళ్ళుగా కూలి తగ్గించుకుంటూ వస్తోంది. వయసు మీద పడింది, వేళ్ళు మొద్దుబారాయి అనుకుంది. వేళ్ళకేమీ కాలేదు.

ఆమె తర్వాత ఒక చిన్న పిల్లవాడిని కూర్చోబెట్టారు. టీవీకి అతుక్కుపోతున్నాడని వాళ్ళ నానమ్మ ఫిర్యాదు. వాడు సిగ్గుతో నోరు విప్పడం లేదు. టెక్నీషియన్ దీపం కట్టేసి రెటినోస్కోప్ అందుకుంది. సన్నటి వెలుగు గీతను కంటిపాప మీద అటూ ఇటూ కదిలిస్తుంది. లోపలి ఎర్రటి మెరుపు ఆ గీతతో పాటే కదులుతోందా, ఎదురు కదులుతోందా చూస్తూ, కదలిక ఆగేదాకా అద్దాలు మారుస్తుంది. పిల్లవాడు ఒక్క మాట చెప్పకుండానే వాడి పవర్ తెలిసిపోయింది. మాట రాని పసివాళ్ళనూ, చెప్పడం చేతకాని పెద్దవాళ్ళనూ ఇలాగే చూస్తారు. ఒక కన్ను మామూలుగా, రెండోది బాగా తక్కువగా ఉంటే అది పిల్లలకు తెలియదు, ఇంట్లోవాళ్ళకూ తెలియదు. ఏడెనిమిదేళ్ళలోపు పట్టుకుంటే అద్దాలు పెట్టి, మంచి కన్నుకు కొన్ని గంటల చొప్పున పట్టీ వేసి, మొద్దుబారిన కన్నుకు పని నేర్పించవచ్చు. ఆ వయసు దాటేకొద్దీ అది కష్టమవుతుంది.

ఆ రోజు నేను నేర్చుకున్న వాటిలో నాకు ఎక్కువగా నచ్చినది ఒక నల్ల రేకు. దానిలో మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ వెడల్పున్న బెజ్జం ఉంటుంది. మసకగా ఉందని వచ్చిన మనిషిని ఆ బెజ్జం గుండా పట్టిక చూడమంటారు. కింది వరసలు కనిపించడం మొదలైతే చాలామటుకు అద్దాలతో సరిపోతుంది. అలా కాకపోతే లోపం కన్ను లోపలే ఉందన్నమాట. శుక్లమా, నరమా, రెటీనానా అన్నది పైకి పంపించి చూడాలి. ఎవరికి ఇక్కడే పని అయిపోతుంది, ఎవరు బస్సెక్కాలి అన్నది ఆ చిన్న రేకు చాలావరకు తేల్చేస్తుంది.

పత్తి రైతు ఒకాయనకు బెజ్జంలోంచి కూడా ఏమీ మారలేదు. స్లిట్ ల్యాంప్ ముందు కూర్చోబెడితే కుడికన్ను కటకం తేనెరంగు దాటి ముదురు గోధుమరంగులోకి వెళ్ళింది. "ఎన్నేండ్ల సంది?" అంటే, "ముదరనియ్యాలె అన్నరు. ముదురుతుందని ఊకున్న" అన్నాడు. ఈ మాట మన ఊళ్ళలో ఇప్పటికీ బతికే ఉంది. ఒకప్పుడు దానికి కారణం లేకపోలేదు. ఆ రోజుల్లో కటకాన్ని దాని సంచితో సహా తీసేసేవారు. లోపల కొత్తది పెట్టేవారు కాదు. ఆపరేషన్ తర్వాత సోడాబుడ్డి అద్దాలతో బతకాలి కాబట్టి, చూపు పూర్తిగా పోయాకే ఆ పని చేసేవారు. కృత్రిమ కటకాలు వచ్చాక ఆ లెక్క మారిపోయింది. 1992లో మదురైలోని అరోలాబ్ వాటిని మన దేశంలోనే తయారుచేయడం మొదలుపెట్టడంతో ధర కూడా అందుబాటులోకి వచ్చింది. ఇప్పుడు ముదరనిస్తే గట్టిపడి ఆపరేషన్ కష్టమవుతుంది, అంతే.

ఆయనతో పాటే ముధోల్ ఆస్పత్రికి వెళ్ళాను. ముందు రోజంతా కొలతలే. షుగర్, బీపీ, కన్నీటి దారి శుభ్రంగా ఉందో లేదో చూడటం, కంటి ముందుభాగం వంపు, కన్ను పొడవు. మనిషి కన్ను 23, 24 మిల్లీమీటర్లుంటుంది. కొలతలో ఒక్క మిల్లీమీటరు తప్పితే పెట్టే కటకంలో రెండున్నర నుంచి మూడు పవర్ల తేడా వస్తుంది. అందుకే ఆ యంత్రం దగ్గర కూర్చున్న కుర్రవాడు ఒకే కన్నును పదేపదే కొలిచాడు. రైతు విసుక్కున్నాడు గానీ కుర్రవాడు వదల్లేదు.

మర్నాడు నన్ను గౌను, టోపీ వేసి థియేటర్‌లో ఒక మూల నిలబెట్టారు. కన్ను చుట్టూ మత్తు, కంటిలో బెటడిన్ చుక్కలు. తెల్లగుడ్డులో సుమారు ఆరు మిల్లీమీటర్ల గాటు పెట్టి, సొరంగంలా లోపలికి దారి తీస్తారు. కన్నులోని ఒత్తిడికే ఆ దారి మూసుకుపోతుంది, కుట్లు అక్కర్లేదు. బయటికి వచ్చిన కటకం ముదురు బెల్లపు ముక్కలా ఉంది. దాని స్థానంలో మడతపడని కొత్త కటకం జారింది. నగరాల్లో ఫేకో యంత్రంతో మూడు మిల్లీమీటర్లకన్నా చిన్న గాటులోంచే కటకాన్ని కరిగించి లాగేస్తారు. బాగా ముదిరిన శుక్లానికి మాత్రం ఈ పద్ధతి ఏ మాత్రం తీసిపోదనీ, చాలాసార్లు ఇదే మేలనీ సర్జన్ అన్నారు. చేతులు ఆగకుండానే చెప్పారు.

బయట రైతు కొడుకు కూర్చున్నాడు. పత్తి ఏరే రోజులు. ఆస్పత్రి ఇంత దగ్గర్లో లేకపోతే ఈ ఏడు కూడా వాయిదా వేసేవాళ్ళమన్నాడు. నాకు ఈ పర్యటన మొత్తంలో అర్థమైన విషయం అదే. మన పల్లెల్లో చూపు పోవడానికి రోగం ఎంత కారణమో, దూరం అంత కారణం. బస్సు చార్జీ, తోడు వచ్చేవాడి కూలి, ఇంట్లో బర్రెకు మేత వేసేవాళ్ళు లేకపోవడం, ఇవన్నీ కలిసే మనిషిని ఆపేస్తాయి. 1996 నుంచి 2000 దాకా ఈ సంస్థ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హైదరాబాద్, పశ్చిమగోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో 10,293 మందిని పరీక్షించింది. నూటికి దాదాపు ఇద్దరు అంధులని తేలింది. ఆ అంధత్వంలో 60 శాతం, శుక్లం తీస్తేనో కళ్ళజోడు పెడితేనో పోయేదే.

హైదరాబాద్ చేరాక కథ వేరు. సినిమా దర్శకుడిగా 'షావుకారు', 'మిస్సమ్మ' తీసిన ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన ఐదెకరాల భూమి, కోటి రూపాయలతో, అమెరికా నుంచి తిరిగివచ్చిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో ఇక్కడ ఆస్పత్రి తెరిచారు. వైద్యం పొందేవాళ్ళలో సగం మందికి ఖర్చు లేకుండా చేయాలన్నది మొదటి నుంచీ పెట్టుకున్న నియమం. గ్లకోమా, షుగర్ వల్ల దెబ్బతిన్న రెటీనా, కంటిలో ఇంజెక్షన్లు, లేజర్లు, ప్రతి అంతస్తులోనూ ఏదో ఒక క్యూ ఉంటుంది. గ్లకోమా, షుగర్ వల్ల వచ్చే రెటీనా జబ్బు, రెండూ చాలామటుకు నొప్పి లేకుండానే వస్తాయి. గ్లకోమాలో పోయిన చూపు తిరిగి రాదు. నలభై దాటినవాళ్ళు కంటి ఒత్తిడి చూపించుకోవాలి, షుగర్ ఉన్నవాళ్ళు ఏడాదికోసారి కంటిపాప పెద్దది చేయించుకుని రెటీనా చూపించుకోవాలి. ఇది నలుగురికీ తెలిసిన మాటే అయినా, చేసేవాళ్ళు తక్కువ.

పిల్లల విభాగంలో, నెలలు నిండకుండా పుట్టిన పసికందుల తల్లులు వరసగా కూర్చుని ఉన్నారు. రెండు కిలోలకన్నా తక్కువ బరువుతోనో, 34 వారాలలోపో పుట్టిన బిడ్డకు రెటీనా రక్తనాళాలు పూర్తిగా పెరిగి ఉండవు. అవి అడ్డదిడ్డంగా పెరిగితే కొద్ది వారాల్లోనే చూపు శాశ్వతంగా పోవచ్చు. పుట్టిన 30 రోజులలోపు కన్ను చూపించి తీరాలని ఇక్కడి డాక్టర్ సుభద్రా జలాలి ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చారు. బిడ్డ బతికిందన్న సంతోషంలో ఉన్న తల్లికి ఈ మాట చెప్పవలసినవాళ్ళు పిల్లల డాక్టర్లు. నెల దాటాక బిడ్డను తెచ్చిన తల్లికి ఏం చెప్పాలో ఏ డాక్టరుకూ తోచదు.

నేను ఎక్కువసేపు ఉండిపోయింది కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక పొర, విభాగంలో. వరికోతల్లో గడ్డి కోసకో, ధాన్యం ఊకకో కన్ను గీరుకుంటుంది. ఆ గీతలోంచి మట్టిలోని బూజు లోపలికి వెళుతుంది. ఊళ్ళో ఎవరో ఆకుపసరు పోస్తారు. ఇంకెవరో మందుల దుకాణంలో స్టెరాయిడ్ చుక్కలు తెచ్చి వేస్తారు. ఎరుపు తగ్గినట్టు కనిపిస్తుంది, బూజు మాత్రం లోపల విజృంభిస్తుంది. నేను చూసిన కౌలు రైతుకు సరిగ్గా ఇదే జరిగింది. నల్లగుడ్డు మీద తెల్లటి పుండు. దాన్ని గీకి గాజుపలక మీద పెట్టి ల్యాబ్‌లో చూస్తే కొమ్మలు కొమ్మలుగా బూజు పోగులు. గంటగంటకూ బూజును చంపే నాటమైసిన్ చుక్కలు, రాత్రి కూడా. మొదటి రెండు రోజుల్లో వచ్చి ఉంటే మచ్చ చిన్నదయ్యేదని డాక్టర్ అన్నారు. ఇప్పుడు పుండు మానినా కార్నియా మార్చవలసి రావచ్చు.

ఆ కార్నియా ఎవరో చనిపోయినవాళ్ళ కన్నులోంచి రావాలి. 1989లో మొదలైన రామాయమ్మ ఐ బ్యాంక్ ఇక్కడే ఉంది. ఈ సంస్థలో ఇప్పటిదాకా చేసిన కార్నియా మార్పిడులు 50 వేలు దాటాయి. అన్ని కన్నులు వచ్చింది ఆస్పత్రుల వార్డుల్లో, మార్చురీల దగ్గర ఏడుస్తున్న కుటుంబాల పక్కన కూర్చుని అడిగే కౌన్సెలర్ల వల్ల. వాళ్ళలో ఒకామెతో మాట్లాడాను. మొహం పాడవుతుందా, వచ్చే జన్మలో గుడ్డిగా పుడతారా అన్నవే తనకు ఎదురయ్యే ప్రశ్నలట. మొహం పాడవదనీ, పదిహేను ఇరవై నిమిషాల పని అనీ చెబుతుంది. రెండో ప్రశ్నకు వాదించదు, ఆ ఇంటి పెద్దావిడను మాట్లాడనిస్తుంది.

కన్ను ఇవ్వడానికి వయసు అడ్డు కాదు. కళ్ళజోడున్నవాళ్ళు, శుక్లం ఆపరేషన్ అయినవాళ్ళు, షుగర్, బీపీ ఉన్నవాళ్ళు కూడా ఇవ్వవచ్చు. హెచ్ఐవీ, హెపటైటిస్, రేబిస్ ఉన్నవాళ్ళవి తీసుకోరు. ప్రాణం పోయాక ఆరు గంటల్లోపు తీయాలి. ఈలోగా ఫ్యాను కట్టేసి, రెప్పలు మూసి, వాటి మీద తడి దూది పెట్టి, తల కింద దిండు ఉంచాలి. ఊరు నుంచి ఆస్పత్రికి దూరం ఎక్కువైతే ఆ ఆరు గంటలు ఎవరికి ఫోన్ చేయాలో కనుక్కునేలోపే గడిచిపోతాయి. అందుకే దగ్గర్లో ఏ ఐ బ్యాంక్ ఉంటే దాని నంబరు ఇంట్లో ముందే రాసిపెట్టుకోమని ఆమె వచ్చిన చుట్టాలందరికీ చెప్పి పంపుతుంది.