వానాకాలంలో పాత కారు

సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇనుము ఎక్కువ కాలం నిలువదు. మా ఎలమంచిలికి రాంబిల్లి, పూడిమడక తీరాలు ఎంతో దూరం లేవు. కిటికీ ఊచలు, సైకిలు చక్రాలు, నూతి గిలకలు అన్నిటికీ తుప్పే. ఇక పాత కారు సంగతి చెప్పనక్కరలేదు.

మా ఇంట్లో అంబాసిడర్ కారు ఒకటి ఉన్నది. అది మా మామగారి కాలం నాటిది. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద హిందుస్థాన్ మోటార్స్ వారు ఈ కార్లను 1950ల చివరి నుండి 2014 వరకు బెంగాలులో తయారు చేశారు. ఆ 2014లోనే అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకింది. పై దేశాలలో పాత స్పోర్ట్స్ కార్లు గలవారు చాలామంది చినుకు పడితే వాటిని బయటికి తీయరు. మనకు ఆ వీలు లేదు. పల్లెలో జబ్బు మనిషిని ఆసుపత్రికి చేర్చవలసిన పని వానను చూచి ఆగదు గదా!

ఇనుముకు నీరు, గాలిలోని ప్రాణవాయువు తోడైతే తుప్పు పుడుతుంది. ఉప్పు చేరితే అది మరింత త్వరగా పాకుతుంది. కురిసి ఆరిపోయే వానకంటె ఆరక నిలిచిన తడి ఎక్కువ చేటు. చక్రాల పైభాగంలో చిక్కుకొన్న బురదలోను, కాళ్ల కింద పరచిన మ్యాట్ల అడుగునను తడి దాగి ఉంటుంది. తలుపుల అడుగున నీరు పోయే చిన్న రంధ్రాలు పూడిపోతే నీరు లోపలే నిలుస్తుంది. తడి బండి మీద టార్పాలిన్ కప్పితే చెమ్మను మూట గట్టినట్టే.

కిందటి వానాకాలానికి ముందు మెకానిక్కు తలుపు కింది రేకును స్క్రూడ్రైవరుతో పొడవగా అది లోపలికి దిగిపోయింది. ఈ కారుకు లారీకి ఉన్నట్టు వేరే ఛాసిస్ లేదు గనుక ఆ రేకులే దానికి ఎముకలు. “పుట్టీ పెట్టి రంగు కొట్టి అమ్మేయండి అయ్యగారూ, ఎవరికి తెలుస్తుంది?” అన్నాడతడు. ఇంటికి వచ్చి చెప్పగా మా ఇంటివారు ఒక్కటే మాట అన్నారు: “కొన్నవాళ్ల పిల్లలు అందులో కూర్చోరా?”

కుళ్లిన రేకు కోయించి కొత్తది వెల్డింగు చేయించాము. పెద్దమ్మాయి కాలేజీ ఫీజుకు దాచిన సొమ్ములో కొంత దానికే పోయింది. ఫీజు రెండు విడతలుగా కట్టుకొన్నాము. అమ్మాయి ఏమీ అనుకోలేదు.

వానలో నడిపేవారికి నాలుగు మాటలు. డ్రమ్ము బ్రేకులు తడిస్తే పట్టు తగ్గుతుంది. నీరు దాటిన తరువాత మెల్లగా పోతూ బ్రేకును తేలికగా తొక్కుతూ ఉంటే ఆ వేడికి ఆరతాయి. డిస్ట్రిబ్యూటరు మూతలో చెమ్మ చేరి ఇంజను ఆగితే పొడిగుడ్డతో తుడవాలి. రోడ్డు మీద పారే నీటి లోతు తెలియకపోతే దిగనే కూడదు. ఇల్లు చేరాక బండి అడుగుభాగం మంచినీళ్లతో కడిగి, వాన తెరిపి ఇచ్చినప్పుడు తలుపులు తెరచి ఆరబెట్టాలి.

పాత బండి కొనదలచినవారు పైరంగు చూచి మురిసిపోక వంగి కింద చూడండి. అమ్మదలచినవారు అడగకముందే ఆ చోటు చూపించండి. ధర కొంత తగ్గినా, మన బండిలో ఎక్కిన కుటుంబం క్షేమంగా ఇల్లు చేరుతుంది.