జింక బొచ్చుతో కప్ప

బల్ల అంచుకు బిగించిన చిన్న వైజు, దాని దవడల మధ్య పెద్ద గాలపు ముల్లు. పక్కనే అరచేతంత జింక తోలు ముక్క, దువ్వెన, కత్తెర, సగానికి విరిచిన షేవింగ్ బ్లేడు. మంగలి సామాను అనుకున్నా తప్పులేదు. కాసేపట్లో బల్ల మీదా ఒళ్లోనే కాదు, కాఫీ కప్పులో కూడా బొచ్చే తేలుతుంది. అమెరికా ఉత్తరాన సరస్సులు గడ్డకట్టిన చలికాలపు రాత్రుల్లో, గాలం పిచ్చి ఉన్నవాళ్లు ఇలా కూర్చుని కప్పలు కడతారు.

ఫ్లై ఫిషింగ్ అనగానే ఈకలతో దోమంత బొమ్మ కట్టి ట్రౌట్‌ను ఊరించడమే గుర్తొస్తుంది. లార్జ్‌మౌత్ బాస్, పైక్, మస్కీ చేపలు దోమతో సరిపెట్టుకునే రకం కాదు. కప్ప, ఎలుక, చేపపిల్ల, నోట్లో పట్టేది ఏదైనా వాటికి భోజనమే. అంత లావు బొమ్మ నీటి మీద తేలాలి, విసరడానికి బరువు కాకూడదు. అందుకే జింక బొచ్చు. వైట్‌టెయిల్ జింకకు చలికాలానికి మొలిచే వెంట్రుక లోపల గాలి నిండిన గదులుంటాయి. జింకను వెచ్చగా ఉంచిన ఆ గాలే తర్వాత కప్పను తేలుస్తుంది.

పెన్సిల్ మందం కుచ్చు కత్తిరించి, మొదట్లోని నూగంతా దువ్వి పారేస్తారు. కుచ్చును ముల్లు కాడ మీద ఆనించి, దారం రెండు చుట్లు వదులుగా వేసి, మెల్లగా బిగిస్తారు. దారం బిగిసినచోట వెంట్రుకలు నొక్కుకుపోయి, రెండు కొసలూ నిక్కబొడుచుకుంటాయి. కుచ్చు కాడ చుట్టూ గిర్రున తిరిగి విచ్చుకుంటుంది. ఆ లాగుడుకు మామూలు దారం పుటుక్కున తెగిపోతుంది. తెగనిది కావాలంటే జెల్‌స్పన్ పాలిథిలీన్ దారం ఉంది. అది వేలిని కోస్తుంది. కట్టిన కుచ్చును వెనక్కి నెట్టి, దాని ముందు ఇంకొకటి. చెండు కట్టే పూలమ్మే ఆమెకు ఈ పని చెప్పక్కర్లేదు, మధ్యలో సందు కనబడితే అది కట్టు కాదు.

చివరికి ముల్లు మీద ఓ చిన్న ముళ్లపంది కూర్చుంటుంది. ఇక బ్లేడు పని. ముందు పొట్ట చదునుగా గీస్తారు. అక్కడ బొచ్చు మిగిలితే ముల్లు ముందు సందు పూడుకుపోయి, చేప దవడలో దిగదు. బ్లేడు ఒక్క నూలుపోగు మందం లోతుగా పోయిందా, దారం తెగి గంటల కష్టం విడిపోతుంది.

ఈ సరదా కొత్తది కాదు. 1791లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో విలియం బార్‌ట్రమ్ ఫ్లోరిడాలో చూసిన ఎర గురించి రాశాడు: వీపులు కలిపి కట్టిన మూడు ముళ్లు, వాటిని కప్పేలా జింక తోక తెల్ల బొచ్చు, ఎర్ర పీలికలు, రంగు ఈకలు. 1930లలో కెనడాలోని నిపిగన్ నది దగ్గర డాన్ గేపెన్, అడుగున తిరిగే స్కల్పిన్ చేపను చూసి, బొచ్చు తల ఉన్న మడ్లర్ మిన్నో అనే ఎర కట్టాడు. లారీ డాల్‌బర్గ్ పేరుతో ఉన్న డైవర్ అనే ఎర ఇంకాస్త కొంటెది. ముందు మొన తేలిన తల, వెనక నిలబడిన కాలర్. లాగితే బుడుంగున మునుగుతుంది, ఆపితే పైకొస్తుంది. ముంచేది కత్తిరింపు, తేల్చేది బొచ్చు.

తెలుగువాళ్లకు ఈ కప్ప ఆట తెలియనిదేం కాదు. తెలంగాణ రాష్ట్ర చేప కొరమీనుకు కప్ప ఇష్టమైన తిండి. అయితే 1972 వన్యప్రాణి చట్టం వల్ల మన దగ్గర జింక తోలు వ్యాపారం నేరం; గాలం వేసే కుర్రాళ్ల పెట్టెల్లో కనబడేవి రబ్బరు కప్పలు.

అసలు తమాషా రంగుల్లో ఉంది. కప్ప వీపు మీద పచ్చ, పసుపు, నలుపు చారలు రావాలని ఒక రంగు కుచ్చు మీద ఇంకో రంగు పేర్చి కడతారు. చేప వచ్చేది కింది నుంచి. దానికి కనబడేది పొట్ట, ఆకాశం ముందు నల్లటి ఆకారం. ఒంటి పక్కనున్న గీతకు తగిలేది నీటి అదురు. చారలు చూసేది కట్టినవాడొక్కడే. పైక్ పళ్లకు ఒకటి రెండుసార్లు దొరికాక అవీ మిగలవు. చింపిరి కప్పను నీళ్లు పిండి, ఊది ఆరబెట్టి, మళ్లీ విసురుతాడు. ఆ రాత్రి బల్ల దగ్గర కూర్చుని, పసుపు కుచ్చు దువ్వడం మొదలుపెడతాడు.