హాఫ్‌టైమ్‌కి ఎవరూ లేవరు

డాలస్‌లో ఇంటర్‌స్టేట్ 20 ఎక్కి తూర్పుకి పోతే మార్షల్, ష్రీవ్‌పోర్ట్, గ్రాంబ్లింగ్, విక్స్‌బర్గ్, జాక్సన్, బర్మింగ్‌హామ్, అట్లాంటా వరసగా తగులుతాయి. మొత్తం దాదాపు 1,250 కిలోమీటర్లు. డాలస్‌లో ఉండే మనవాళ్ళకి ఈ రోడ్డు అంటే అట్లాంటాలో బాబాయ్ వాళ్ళ గృహప్రవేశం, దారిలో గ్యాస్ స్టేషన్ కాఫీ, అంతే. నేనూ రెండేళ్ళు అలాగే తిరిగాను. 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా మాత్రం ఇదే రోడ్డు పట్టుకుని ఒక ఫుట్‌బాల్ సీజన్ చూశాను.

ఫుట్‌బాల్ అంటే మెస్సీ ఆడేది కాదు. హెల్మెట్లు పెట్టుకుని ఒకర్నొకరు గుద్దుకునే అమెరికన్ ఫుట్‌బాల్. అందులోనూ టీవీలో ప్రతి శనివారం కనిపించే పెద్ద కాలేజీలవి కావు. హెచ్‌బీసీయూలవి. నల్లజాతి పిల్లలకి మిగతా కాలేజీల తలుపులు మూసేసిన కాలంలో వాళ్ళ కోసం పుట్టిన విద్యాసంస్థలు ఇవి. 1964కి ముందు పెట్టినవాటికే చట్టప్రకారం ఈ పేరు వర్తిస్తుంది. ఇప్పుడు దేశం మొత్తం మీద సుమారు వంద ఉన్నాయి, ఎక్కువభాగం దక్షిణాదిలోనే. బియాన్సే 2018లో కోచెల్లా స్టేజీ మీద బ్యాండుతో చేసిన షో చూశారా? ఆ డ్రమ్ములు, ఆ స్టెప్పులు, ఆ యూనిఫామ్ ఈ కాలేజీల నుంచి వచ్చినవే.

నన్ను ఇందులోకి లాగింది మా ఆఫీసులో టెస్టింగ్ లీడ్. యాభై దాటిన మనిషి, గ్రాంబ్లింగ్ స్టేట్‌లో చదువుకున్నారు, అక్కడి బ్యాండులో ట్రాంబోన్ వాయించారు. టికెట్ చేతిలో పెట్టి ఒకే షరతు పెట్టారు. హాఫ్‌టైమ్‌లో తిండి కోసం సీట్లోంచి లేవకూడదు.

మొదటి మ్యాచ్ డాలస్‌లోనే. స్టేట్ ఫెయిర్ క్లాసిక్. టెక్సస్ స్టేట్ ఫెయిర్ అంటే మన తిరనాళ్ళే అనుకోండి. 55 అడుగుల బిగ్ టెక్స్ బొమ్మ, జెయింట్ వీలు, నూనెలో వేయించగలిగినవన్నీ వేయించి అమ్మే కొట్లు. ఆ మైదానంలోనే కాటన్ బౌల్ స్టేడియం. ప్రెయిరీ వ్యూ, గ్రాంబ్లింగ్ జట్లు 1985 నుంచి ఇక్కడ తలపడుతున్నాయి. అంతకు ముందు ప్రెయిరీ వ్యూ ఆడింది మార్షల్‌లోని వైలీ కాలేజీతో, అది 1925లో మొదలైంది. డెంజెల్ వాషింగ్టన్ సినిమా 'ది గ్రేట్ డిబేటర్స్' చూసినవాళ్ళకి వైలీ పేరు తెలిసే ఉంటుంది.

ఈ తిరనాళ్ళలో ఒకప్పుడు నల్లజాతివాళ్ళకి ప్రత్యేకంగా ఒక రోజు ఉండేది. మిగతా రోజుల్లో చాలా రైడ్లు, తినే చోట్లు వాళ్ళకి మూసేసి ఉండేవి. 1955లో నల్లజాతి కుర్రాళ్ళు గేటు ముందు పికెటింగ్ చేశారు. ఇప్పుడు అదే గేట్లోంచి తాతలు, మనవలు ఒకే రంగు టీషర్టులేసుకుని లోపలికొస్తుంటే ఎవరూ ఆగి చూడరు. మా లీడ్ మాత్రం గేటు దగ్గర ఒక్క క్షణం నడక తగ్గించారు. ఎందుకని నేను అడగలేదు.

ఇక హాఫ్‌టైమ్. మామూలు మ్యాచ్‌లో విరామం అంటే జనం లేచి క్యూలు కట్టే టైమ్. ఇక్కడ ఫస్టాఫ్‌లో క్యూల్లో ఉన్నవాళ్ళు కూడా పరిగెత్తుకొచ్చి కూర్చుంటారు. ముందు డ్రమ్ములు. తర్వాత డ్రమ్ మేజర్ ఒక్కడే గ్రౌండ్ మధ్యకొచ్చి, నడుం వెనక్కి వంచి, టోపీ మీది ఈకలు గడ్డికి తగిలేదాకా వంగుతాడు. స్టేడియం అరుస్తుంది. ఆ వెంటనే ట్రంపెట్లు, ట్రాంబోన్లు, ఒంటికి చుట్టుకున్న సూసాఫోన్లు, ముందు వరసలో డాన్సర్లు. మోకాలు నడుం ఎత్తుకి లేపి నడుస్తూ, వాయిస్తూ, ఆడుతూ. ఆర్మీ పెరేడ్ క్రమశిక్షణ, పెళ్ళి ఊరేగింపు బ్యాండు హుషారు కలిపితే ఎలా ఉంటుందో అలా. పాత సోల్ పాట తర్వాత మొన్న రిలీజైన ర్యాప్. గ్రాంబ్లింగ్ బ్యాండు మామూలుది కాదు, 1967లో మొట్టమొదటి సూపర్ బౌల్ హాఫ్‌టైమ్‌లో వాయించింది. మ్యాచ్ అయ్యాక 'ఫిఫ్త్ క్వార్టర్' అని ఇంకోటుంది. జట్లు లోపలికెళ్ళిపోతాయి, రెండు బ్యాండులూ స్టాండ్లలోంచి ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటాయి. అప్పుడు కూడా సగం జనం కదల్లేదు.

ఈ బ్యాండులకి చీకటి కోణమూ ఉంది. 2011 నవంబర్‌లో ఫ్లోరిడా ఏ అండ్ ఎం బ్యాండులో ఒక డ్రమ్ మేజర్‌ని ర్యాగింగ్ పేరుతో బస్సులో తోటివాళ్ళే కొట్టారు. అతను చనిపోయాడు. అంత పేరున్న బ్యాండుని 2013 దాకా ఆపేశారు, యూనివర్సిటీ ప్రెసిడెంట్ రాజీనామా చేశారు. మన ఇంజనీరింగ్ హాస్టళ్ళలో ఉన్నవాళ్ళకి దీన్ని వేరే వివరించక్కర్లేదు.

అక్టోబర్ చివర్లో రెండో ప్రయాణం, బర్మింగ్‌హామ్‌కి. దారిలో గ్రాంబ్లింగ్‌లో ఆగాం. హైవే దిగి పైన్ చెట్ల మధ్య కాస్త లోపలికెళితే ఊరు, ఊరంటే దాదాపు యూనివర్సిటీయే. 1901లో బడిగా మొదలైంది. 1941లో ఇక్కడికి ఎడ్డీ రాబిన్సన్ అనే 22 ఏళ్ళ కుర్రాడు కోచ్‌గా వచ్చాడు. గ్రౌండ్‌లో గడ్డి కోసిందీ ఆయనే, ఆటగాళ్ళ కాళ్ళకి పట్టీలు కట్టిందీ ఆయనే. 1997లో దిగిపోయే నాటికి 408 విజయాలు. రెండు వందల మందికి పైగా ప్రొఫెషనల్ ఆటగాళ్ళు ఈ పల్లెలోంచి వెళ్ళారు. 1949లో ట్యాంక్ యంగర్ లాస్ ఏంజెలెస్ ర్యామ్స్‌లో చేరి, నల్లజాతి కాలేజీ నుంచి ఎన్ఎఫ్ఎల్‌కి వెళ్ళిన మొదటివాడయ్యాడు. డగ్ విలియమ్స్ 1988 సూపర్ బౌల్‌లో 340 గజాలు, నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు విసిరి వాషింగ్టన్‌ని 42-10తో గెలిపించాడు. సూపర్ బౌల్ గెలిచిన మొదటి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ అతను. 'ఆ పొజిషన్‌కి బుర్ర కావాలి, వాళ్ళ వల్ల కాదు' అనే మాట అప్పటిదాకా బాహాటంగా నడిచేది.

క్యాంపస్‌లో రాబిన్సన్ పేరు మీద మ్యూజియం ఉంది. మా లీడ్ ఫొటోల ముందు నిలబడి పేర్లు చదువుతుంటే, చదువుతున్నారో గుర్తు తెచ్చుకుంటున్నారో తెలియలేదు. ఆయన చెప్పని ఇంకో సంగతి నాకు తెలుసు. 2013 అక్టోబర్‌లో ఇదే జట్టు ఆటగాళ్ళు జాక్సన్ స్టేట్‌తో మ్యాచ్‌కి బస్సెక్కం అన్నారు. గదుల్లో బూజు, పాడైన జిమ్, కాన్సస్ సిటీకి, ఇండియానాపోలిస్‌కి గంటల తరబడి బస్సు ప్రయాణాలు. రాష్ట్రం ఇచ్చే డబ్బు ఏటేటా తగ్గుతూ వచ్చిన ఫలితం అది. మ్యాచ్ ఆడకుండానే ఓడిపోయారు.

ఈ డబ్బు గొడవ ఒక్క కాలేజీది కాదు. 2023 సెప్టెంబర్‌లో అమెరికా విద్యా, వ్యవసాయ శాఖల మంత్రులిద్దరూ 16 రాష్ట్రాల గవర్నర్లకి ఉత్తరాలు రాశారు. 1987 నుంచి 2020 దాకా, ఆ రాష్ట్రాల్లో నల్లజాతివాళ్ళ కోసం పెట్టిన ల్యాండ్‌గ్రాంట్ యూనివర్సిటీలకి, పక్కనే ఉన్న పెద్ద ల్యాండ్‌గ్రాంట్ యూనివర్సిటీలతో పోలిస్తే 1,200 కోట్ల డాలర్లకి పైగా తక్కువ అందిందని లెక్క తేల్చారు. అందుకే సీజన్ మొదట్లో ఈ జట్లు డబ్బు కోసం పెద్ద కాలేజీల మీదికి ఆడడానికి వెళ్తాయి. చెక్కు లక్షల డాలర్లలో ఉంటుంది, స్కోరు అవమానంగా ఉంటుంది. 2013లో ఒహాయో స్టేట్ 76, ఫ్లోరిడా ఏ అండ్ ఎం 0. కుర్రాళ్ళ ఒళ్ళు హూనమైతే వచ్చిన డబ్బుతో మిగతా ఆటలు నడుస్తాయి.

బర్మింగ్‌హామ్‌లో మ్యాజిక్ సిటీ క్లాసిక్. అలబామా స్టేట్ నలుపు-బంగారం, అలబామా ఏ అండ్ ఎం మెరూన్-తెలుపు. లీజియన్ ఫీల్డ్ చుట్టూ ఎన్ని వీధులుంటే అన్ని వీధుల్లో గుడారాలు, పొయ్యిలు, మాంసం కాలుతున్న పొగ. దీన్ని టెయిల్‌గేట్ అంటారు. బండి డిక్కీ తెరిచి వండుకుని, దారిన పోయేవాడికి కూడా పెట్టడం. మాకు ఒక పెద్దావిడ క్యాట్‌ఫిష్ వేపుడు, తెల్ల బ్రెడ్డు పెట్టారు. ఆవిడది ఒక కాలేజీ, భర్తది ఇంకో కాలేజీ, గుడారం మధ్యలో సున్నంతో గీత గీశారు. చాలామంది లోపలికి టికెట్ కూడా కొనరు. తిని, పాత క్లాస్‌మేట్లని కౌగిలించుకుని, స్టేడియంలోంచి వచ్చే చప్పుడు విని వెళ్ళిపోతారు.

నన్ను ఆలోచనలో పడేసింది ఆ స్టేడియమే. 1970 సెప్టెంబర్ 12న ఇదే లీజియన్ ఫీల్డ్‌లో అలబామా యూనివర్సిటీ తెల్లజట్టుని సదరన్ కాలిఫోర్నియా 42-21తో ఓడించింది. శామ్ కనింగ్‌హామ్ అనే నల్లజాతి కుర్రాడు 135 గజాలు పరిగెత్తాడు. ఆ ఒక్క మ్యాచ్‌తో దక్షిణాది మారిపోయిందని కథలుగా చెబుతారు. నిజానికి అలబామా అప్పటికే తొలి నల్లజాతి ఆటగాణ్ణి స్కాలర్‌షిప్ మీద తీసుకుంది. కానీ ఆ రోజుల తర్వాత తలుపులు బార్లా తెరుచుకున్నాయన్నది మాత్రం వాస్తవం. తెరుచుకోవాల్సినవే. తెరుచుకున్నాక మంచి ఆటగాళ్ళు పెద్ద స్టేడియాలకి వెళ్ళిపోయారు. జాక్సన్ స్టేట్‌లో వాల్టర్ పేటన్, మిసిసిపి వ్యాలీలో జెర్రీ రైస్ లాంటివాళ్ళు రానురాను అరుదైపోయారు. హక్కు అందరూ కలిసి గెలిచారు, దాని బిల్లు మాత్రం ఈ కాలేజీల పేరు మీద వచ్చింది. పొయ్యి పక్కన కూర్చున్న ముసలాయన ఒకాయన ఇదే మాట ఇంకా సూటిగా అన్నారు. పిల్లల్ని తీసుకున్నారు గానీ బ్యాండుని తీసుకోవడం వాళ్ళ వల్ల కాలేదట.

డిసెంబర్ 7న జాక్సన్. స్వాక్ అనే లీగ్ ఫైనల్, జాక్సన్ స్టేట్ మీద సదరన్. ఈ ఊరికి రావాలని ముందు నుంచీ ఉంది. కారణం డియాన్ శాండర్స్. ఎన్ఎఫ్ఎల్ సూపర్ స్టార్, 2020లో ఇక్కడ కోచ్‌గా దిగాడు. టీవీ కెమెరాలు వచ్చాయి. 2021 డిసెంబర్‌లో దేశంలోనే నంబర్ వన్ స్కూల్ ఆటగాడు ట్రావిస్ హంటర్ పెద్ద కాలేజీల్ని కాదని జాక్సన్ స్టేట్ ఎంచుకున్నాడు. యాభై ఏళ్ళ ప్రవాహం వెనక్కి తిరిగిందనుకున్నారు. 2022లో స్వాక్ టైటిల్ గెలిచిన రాత్రే శాండర్స్ కొలరాడోకి వెళ్ళిపోతున్నట్టు చెప్పాడు. ఇక్కడ ఏడాదికి మూడు లక్షల డాలర్లు, అక్కడ ఐదేళ్ళకి దాదాపు మూడు కోట్లు. హంటర్ కూడా వెంట వెళ్ళాడు.

ఆయన్ని ఇప్పటికీ తిట్టేవాళ్ళున్నారు. మా లీడ్ ఆ జాబితాలో ఉన్నారు. నాకు మాత్రం ఆ కోపం తప్పు అడ్రసుకి వెళ్తోందనిపిస్తుంది. డిగ్రీ చేతికొచ్చిన మర్నాడే ఊరు వదిలి, ఇంకో దేశంలో జీతం చూసుకుంటున్న మనం ఆయన్ని ఏ నోటితో అంటాం? కాలేజీకి దశాబ్దాలుగా చేరాల్సినది చేరి ఉంటే ఒక్క మనిషి రాకపోకల మీద జాక్సన్ ఇంతగా ఆధారపడేది కాదు. కారులో మిసిసిపి నది దాటుతున్నంతసేపూ ఈ విషయం మీద వాదించుకున్నాం. విక్స్‌బర్గ్‌లో పెట్రోలు పోయించుకునేటప్పుడు ఆపేశాం, తేలక.

శాండర్స్ తర్వాత కోచ్ టి.సి. టేలర్. ఇదే కాలేజీలో ఆడిన మనిషి. ఆ రోజు జాక్సన్ స్టేట్ 41-13తో గెలిచింది. పక్కా మ్యాచ్, డ్రామా ఏం లేదు. 'సోనిక్ బూమ్' బ్యాండు, సదరన్‌వాళ్ళ 'హ్యూమన్ జ్యూక్‌బాక్స్' మధ్యే అసలు పోటీ, అది ఎవరు గెలిచారో చెబితే ఈ వ్యాసం కింద గొడవలవుతాయి. మర్నాడు పొద్దున్న క్యాంపస్‌లో అలెగ్జాండర్ హాల్ హాస్టల్ దగ్గరికి వెళ్ళాం. 1970 మే నెలలో పోలీసులు దీని మీదికి కాల్పులు జరిపారు, ఇద్దరు కుర్రాళ్ళు చనిపోయారు. నిన్న రాత్రి గెలిచిన కాలేజీ టీషర్టుతో ఒకమ్మాయి మమ్మల్ని దాటుకుని లాండ్రీ బుట్టతో వెళ్ళింది.

వారం తర్వాత అట్లాంటా, మెర్సిడెస్ బెంజ్ స్టేడియం. సెలబ్రేషన్ బౌల్. స్వాక్ విజేత, మీయాక్ విజేత తలపడే మ్యాచ్, 2015 నుంచి జరుగుతోంది. నల్లజాతి కాలేజీల జాతీయ టైటిల్ అంటే ఇదే. శాండర్స్ కాలంలో జాక్సన్ స్టేట్ ఇక్కడ రెండుసార్లు ఓడింది. టేలర్ జట్టు సౌత్ కరోలినా స్టేట్‌ని 28-7తో కొట్టేసింది. చిత్రం ఏంటంటే అదే రోజు సాయంత్రం న్యూయార్క్‌లో హెయిస్‌మన్ ట్రోఫీ, అంటే దేశంలో ఆ ఏటి ఉత్తమ కాలేజీ ఆటగాడి అవార్డు, ట్రావిస్ హంటర్‌కి వచ్చింది. కొలరాడో జెర్సీ పేరు మీద. జాక్సన్ అభిమానులు ఫోన్లలో అది చూసి చప్పట్లు కొట్టారు. నేను తిట్లు ఎక్స్‌పెక్ట్ చేశా.

2024లో డిసెంబర్ అంటే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ తెరిచే నెల కూడా. బాగా ఆడిన ప్రతి కుర్రాడికీ ఎక్కడో పెద్ద కాలేజీ నుంచి మెసేజ్ వస్తూ ఉంటుంది, ఇప్పుడు చట్టబద్ధంగానే డబ్బుతో సహా. ఈసారి ఎవరెవరు వెళ్ళిపోతారని మా లీడ్‌ని అడిగాను. ఆయన వినలేదు. కింద ఫిఫ్త్ క్వార్టర్ మొదలైంది, ట్రాంబోన్ వరస లేచి నిలబడింది, ఆయన కుడిచెయ్యి గాల్లో స్లైడ్ లాగుతోంది.